లోలింగైట్: వెండిలా మెరిసే పాషాణపు రాయిని గుర్తుపట్టడం, వెలకట్టడం

అరచేతిలో ఇమిడేంత రాయి. విరిగిన చోట వెండిలా తెల్లగా మెరుస్తుంది, గాలి తగిలిన వైపు బూడిద రంగుకు తిరిగి ఉంటుంది, పగుళ్ల వెంట లేత ఆకుపచ్చ పొర పట్టి ఉంటుంది. చేతిలోకి తీసుకోగానే బరువుకు చెయ్యి కిందికి దిగుతుంది. అంతే పరిమాణం ఉన్న మామూలు గ్రానైటు రాయికన్నా రెండున్నర రెట్లకు పైగా తూగుతుంది. ఇలాంటిది దొరికినవారికి ముందుగా తోచే పేర్లు వెండి, ప్లాటినం, ఉల్క. ఆ వెంటనే వచ్చే ప్రశ్న ఎంత పలుకుతుందన్నది. రాయి పేరు తేలకముందే ధర మాట మొదలైతే నష్టపోవడం దాదాపు ఖాయం. అందులోనూ ఈ వర్ణనకు సరిపోయే ఖనిజాల్లో ఒకటైన లోలింగైట్ విషయంలో పేరు తప్పితే పోయేది డబ్బు మాత్రమే కాదు, ఎందుకంటే ఆ రాయి బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆర్సెనిక్, అంటే మన వాడుకలో పాషాణమే.

లోలింగైట్ ఇనుము, ఆర్సెనిక్ కలిసి ఏర్పడిన ఖనిజం. ఒక్కో ఇనుము పరమాణువుకు రెండేసి ఆర్సెనిక్ పరమాణువులు ఉంటాయి. బరువు లెక్కన ఆర్సెనిక్ సుమారు 72.8 శాతం, ఇనుము 27.2 శాతం. ఆస్ట్రియాలోని కరింథియా ప్రాంతంలో హ్యూటెన్‌బర్గ్ గనుల పక్కనున్న లోలింగ్ అనే ఊరి పేరు మీదుగా విల్హెల్మ్ హైడింగర్ 1845లో దీనికి ఈ పేరు పెట్టాడు. రోమన్లు మెచ్చుకున్న నోరిక ఇనుము వచ్చింది ఆ కొండల్లోంచే. అక్కడి గని 1978లో మూతపడింది. ఇనుము కోసం శతాబ్దాల తరబడి తవ్విన చోట, ఇనుము ఉండీ ఇనుముగా పనికిరాని ఒక ఖనిజం ఆ ఊరి పేరును నిలబెట్టింది. పాత పుస్తకాల్లో దీన్నే ల్యూకోపైరైట్ అని కూడా రాసేవారు కాబట్టి పాత సేకరణల్లోని చీటీల మీద ఆ పేరు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

గుర్తించే పనిలో అసలు చిక్కు వెండితోనో ప్లాటినంతోనో కాదు, వాటిని తోసిపుచ్చడం తేలిక. సుత్తితో చిన్న అంచు మీద కొడితే లోహం సాగుతుంది, అణుగుతుంది. లోలింగైట్ పెళుసుగా విరిగి నల్లటి పొడి అవుతుంది. సహజంగా దొరికే వెండి కాఠిన్యం మోహ్స్ కొలమానంలో 2.5 నుంచి 3 మాత్రమే గనుక కత్తి మొన సులువుగా గీత పెడుతుంది. లోలింగైట్ 5 నుంచి 5.5 దాకా ఉంటుంది, మంచి ఉక్కు కత్తి దాని మీద అతి కష్టంగా గాటు పెట్టగలదు. వెండి సాంద్రత 10.5, శుద్ధ ప్లాటినం 21కి పైన, రైస్ పుల్లింగ్ ముఠాలు తెలుగు రాష్ట్రాల్లో అమాయకులకు చెప్పే ఇరిడియం 22కి పైన. లోలింగైట్ సాంద్రత 7.4, 7.5 ప్రాంతంలోనే ఆగిపోతుంది. ఏడున్నర సాంద్రత ఉన్న రాయిని ఇరిడియం అని ఎవరైనా అంటే, ఆ మాటను తేల్చడానికి ఒక త్రాసు, ఒక గ్లాసు నీళ్లు చాలు.

ఉల్క విషయంలో కొంచెం జాగ్రత్త పడాలి, ఎందుకంటే ఇనుప ఉల్కల సాంద్రత 7.8 చుట్టూ ఉంటుంది, లోలింగైట్‌కు అది దగ్గరే. ఇక్కడ అయస్కాంతం దారి చూపుతుంది. ఇనుప ఉల్కకు అయస్కాంతం గట్టిగా అతుక్కుంటుంది. లోలింగైట్‌లో నాలుగో వంతుకు పైగా ఇనుమే ఉన్నా అయస్కాంతం దాన్ని పట్టించుకోదు, ఎందుకంటే ఆర్సెనిక్‌తో బంధం ఏర్పరచుకున్న ఆ ఇనుములో లోహపు అయస్కాంత గుణం మిగలదు. రాయిలో పిర్రోటైట్ లేదా మాగ్నెటైట్ అనే అయస్కాంత గుణమున్న ఇనుము ఖనిజాలు కలిసి ఉంటే అయస్కాంతం కొద్దిగా స్పందించవచ్చు కాబట్టి, ఈ పరీక్షను మెరిసే భాగం నుంచి తీసిన చిన్న ముక్క మీద చేయడం మేలు. గెలీనా, అంటే సీసపు ముడిఖనిజం, సాంద్రతలో లోలింగైట్‌తో సరిసమానం. అయితే అది మెత్తన, కొడితే చిన్న చిన్న ఘనాలుగా విడిపోతుంది, కాబట్టి ఒక్క దెబ్బతోనే తేడా తెలిసిపోతుంది.

ఇంట్లో చేయదగ్గ పరీక్షల్లో అన్నిటికన్నా ఎక్కువ సమాచారం ఇచ్చేది సాంద్రత కొలత. దానికి వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు సరిపోతుంది. ముందు పొడి రాయిని తూచి బరువు రాసుకోవాలి. తర్వాత మళ్లీ వంటకు వాడని గిన్నెలో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి అంకెను సున్నాకు తేవాలి. రాయికి దారం కట్టి, గిన్నె అడుగుకు గానీ అంచుకు గానీ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. అప్పుడు త్రాసు చూపే గ్రాములే రాయి ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. ఉదాహరణకు పొడి బరువు 448 గ్రాములు, నీళ్లలో వేలాడదీసినప్పుడు త్రాసు చూపినది 60 గ్రాములు అయితే, సాంద్రత 448ని 60తో భాగించగా 7.47 వస్తుంది. రాయిని అంటుకున్న గాలి బుడగలను పుల్లతో తొలగించకపోతే ఘనపరిమాణం ఎక్కువై, సాంద్రత తక్కువగా వస్తుంది.

ఈ కొలతను నమ్మే ముందు దానిలోని రెండు ఉచ్చులు తెలియాలి. మొదటిది త్రాసు సున్నితత్వం. 20 గ్రాముల చిన్న ముక్కను ఒక గ్రాము తేడా మాత్రమే చూపే త్రాసు మీద కొలిస్తే, 3 అని చూపిన అంకె వెనుక నిజమైన విలువ 2.5 నుంచి 3.5 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అంటే సాంద్రత 5.7 కావచ్చు, 8.0 కూడా కావచ్చు. ఆ వెడల్పులో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) తప్ప దాదాపు అనుమానితులందరూ ఇమిడిపోతారు. రెండో ఉచ్చు ఇంకా లోతైనది. రాయిలో క్వార్ట్జ్ (పలుగురాయి) కలిసి ఉండటం చాలా మామూలు. ఘనపరిమాణంలో సగం లోలింగైట్, సగం క్వార్ట్జ్ ఉన్న రాయి సాంద్రత 7.47, 2.65ల సగటు, అంటే 5.06, అది దాదాపు పైరైట్ సాంద్రత. లోలింగైట్ 71 శాతం, క్వార్ట్జ్ 29 శాతం ఉంటే లెక్క 6.07కు వస్తుంది, అది లోలింగైట్‌ను అచ్చం పోలి ఉండే ఆర్సెనోపైరైట్ అనే ఖనిజం సాంద్రత. కనుక తక్కువ అంకె వచ్చినంత మాత్రాన లోలింగైట్ కాదని చెప్పలేం. 7.3 దాటిన అంకె వస్తే మాత్రం ఆర్సెనోపైరైట్ ఒక్కటే దాన్ని ఇవ్వలేదని గట్టిగా చెప్పవచ్చు. తెల్ల క్వార్ట్జ్ కంటికి కనిపించని శుద్ధమైన ముక్కను ఎంచుకోవడం అందుకే ముఖ్యం.

ఆర్సెనోపైరైటే ఈ కథలో అసలు జంట సోదరి. రంగు అదే, గీటు అదే: టైలు వెనుక పూత లేని వైపు రుద్దితే రెండూ బూడిద కలిసిన నలుపు గీటునే వదులుతాయి. సుత్తి దెబ్బకు రెండింటి నుంచీ వెల్లుల్లి వాసన రావచ్చు. ఆ వాసన ఆర్సెనిక్ ఉందని చెబుతుంది తప్ప ఏ ఖనిజంలో ఉందో చెప్పదు. పైగా ఆ వాసన పీల్చడమంటే ఆర్సెనిక్‌ను పీల్చడమే కాబట్టి, దాన్ని పరీక్షగా సిఫారసు చేసే పాత పుస్తకాల మాట ఈ రోజుల్లో పాటించదగినది కాదు. రెండింటి మధ్య తేడా గంధకం ఒక్కటే. ఆర్సెనోపైరైట్‌లో ఇనుము 34.3 శాతం, ఆర్సెనిక్ 46 శాతం, మిగిలిన 19.7 శాతం గంధకం. లోలింగైట్‌లో గంధకం ఉండకూడదు. కొద్దిపాటిగా ఉన్నా స్వల్పమే. కాబట్టి ఈ రాయిని గుర్తించడమంటే దానిలో గంధకం ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడమే.

ఆ జవాబు కోసం చాలామంది బంగారు దుకాణంలోని ఎక్స్‌రే యంత్రం దగ్గరికి వెళ్తారు. ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే ఆ పరికరం రాయి మీదికి ఎక్స్‌రే కిరణాలు పంపి, తిరిగి వెలువడే ఎక్స్‌రేల శక్తిని బట్టి మూలకాలను గుర్తిస్తుంది. పద్ధతి మంచిదే, కానీ నగల కోసం సర్దిన యంత్రానికి బంగారం, వెండి, రాగి, జింకు లాంటి కొన్ని లోహాల జాబితా మాత్రమే ఇచ్చి ఉంటారు. వచ్చిన సంకేతాన్ని సాధారణంగా ఆ జాబితాలోని మూలకాల మధ్యే పంచి మొత్తాన్ని నూరు శాతం చేస్తుంది. జాబితాలో లేని ఆర్సెనిక్‌తో నిండిన రాయిని దాని ముందు పెడితే తెర మీద కనిపించే శాతాలకు అర్థం ఉండదు. ఆ రసీదులోని అంకెలతో ఆశలు పెంచుకోవడం ఎవరికీ మంచిది కాదు. ఖనిజాల కోసం సర్దిన యంత్రంలో కూడా ఒక చిక్కు ఉంది: ఆర్సెనిక్ ప్రధాన రేఖ, అంటే దాన్ని గుర్తుపట్టించే ఎక్స్‌రే శక్తి, 10.54 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, సీసం ప్రధాన రేఖ 10.55 దగ్గర వస్తాయి. రెండూ ఒకదాని మీద ఒకటి పడటంతో, రెండో రేఖలను కూడా చూసే అనుభవం లేని వ్యక్తి ఆర్సెనిక్‌ను సీసంగా చదివే ప్రమాదం ఉంటుంది. గంధకం తేలిక మూలకం; చేతిలో పట్టుకునే యంత్రాలు దాన్ని బలహీనంగానే పసిగడతాయి, అందులోనూ రాయి తడిగానో గరుకుగానో ఉంటే అసలే నమ్మలేం.

అయినా ఆ యంత్రం నుంచే ఒక మంచి ఉపాయం రాబట్టవచ్చు. గంధకం అంకెను పక్కన పెట్టి, ఆర్సెనిక్ శాతాన్ని ఇనుము శాతంతో భాగించాలి. శుద్ధమైన లోలింగైట్‌లో ఆ భాగఫలం 2.68 వస్తుంది, ఆర్సెనోపైరైట్‌లో 1.34, అంటే సరిగ్గా సగం. రాయిలో క్వార్ట్జ్ ఎంత కలిసినా ఈ నిష్పత్తి పెద్దగా మారదు, ఎందుకంటే క్వార్ట్జ్‌లో ఆ రెండు మూలకాలూ లేవు. సాంద్రత పరీక్షను దెబ్బతీసిన క్వార్ట్జ్ ఇక్కడ ఏమీ చేయలేకపోవడం ఈ లెక్క బలం. అయితే రాయిలో పిర్రోటైట్, సిడరైట్ వంటి వేరే ఇనుము ఖనిజాలు కలిస్తే నిష్పత్తి తగ్గిపోతుంది. కోబాల్టు, నికెలు కొంత ఇనుము స్థానాన్ని ఆక్రమిస్తే పెరుగుతుంది. రెండోది నిజంగా జరిగే విషయమే: కోబాల్టు ఎక్కువైతే సఫ్లొరైట్, నికెలు ఎక్కువైతే రామెల్స్‌బెర్గైట్ అనే దగ్గరి బంధువులవుతాయి. ప్రకృతి ఒక్కోసారి రంగుతోనే సూచన ఇస్తుంది: అలాంటి రాయి మీద గులాబీ రంగు పూత కోబాల్టుకు, యాపిల్ పచ్చ పూత నికెలుకు గుర్తు, లోలింగైట్ మీద కనిపించే మసక ఆకుపచ్చ పొర మాత్రం చాలావరకు స్కోరొడైట్, అంటే ఇనుము, ఆర్సెనిక్, ఆక్సిజన్, నీరు కలిసిన ఖనిజం.

తుది తీర్పు ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌ది. చిటికెడు పొడి చాలు. స్ఫటిక జాలకంలోని పొరల మధ్య దూరాలను అది కొలుస్తుంది, ఆ వరస ఒక్కో ఖనిజానికి ఒక్కో రకంగా ఉంటుంది. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల భూవిజ్ఞాన శాఖల వంటి చోట ఖనిజ శాస్త్రం చదివినవారిని ముందుగా సలహా అడగడం, బజారులో దళారి చెప్పే మాట వినడంకన్నా వంద రెట్లు మేలు.

నిప్పు పరీక్ష గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. రాయిలో వెండి ఉందో లేదో కరిగించి చూద్దామని కొలిమిలో పెట్టడం మన దగ్గర కొత్త ఆలోచన కాదు. లోలింగైట్‌ను గాలి తగిలేలా కాలిస్తే ఆర్సెనిక్ తెల్లటి పొగగా లేస్తుంది. ఆ పొగ చల్లబడితే మిగిలేది ఆర్సెనిక్ ట్రయాక్సైడ్, పాతకాలపు తెల్ల పాషాణం. జింకూ ఆమ్లమూ కలిసిన చోట ఆర్సెనిక్ చేరితే ఆర్సీన్ అనే విషవాయువు పుడుతుంది. జేమ్స్ మార్ష్ 1836లో విషప్రయోగాల్ని కనిపెట్టడానికి రూపొందించిన ప్రసిద్ధ పరీక్ష ఆధారపడింది ఆ వాయువు మీదే. తగిన వెంటిలేషన్ ఉన్న ప్రయోగశాల బయట ఈ రెండు పనులూ చేయకూడదు. రాయిని చేత్తో పట్టుకోవడం వల్ల వెంటనే హాని జరగదు, కానీ పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పొడిని ఊదకూడదు, పిల్లలకు అందనివ్వకూడదు. తాగునీటిలో ఆర్సెనిక్‌కు భారతీయ ప్రమాణం పెట్టిన ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము మాత్రమేనని తలచుకుంటే, సాంద్రత కొలిచిన నీళ్లను ఎక్కడ పారబోయాలో, ఎక్కడ పోయకూడదో ఎవరికైనా అర్థమవుతుంది.

ఇక వెల సంగతి. ఆర్సెనిక్ ముడిఖనిజంగా ఈ రాయికి ఈ రోజు చెప్పుకోదగ్గ ధర లేదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతపు గనులు ఆర్సెనోపైరైట్‌ను కాల్చి ఆర్సెనిక్ అమ్మి బతికాయి. ఆ తర్వాత రాగి కరిగించే కర్మాగారాల పొగగొట్టాల్లో పేరుకునే ధూళి నుంచే అవసరానికి మించి ఆర్సెనిక్ రావడం మొదలైంది. కలపకు చెద పట్టకుండా వాడే ఆర్సెనిక్ మందును అమెరికాలో 2003 చివరి నాటికి ఇళ్ల కలప నుంచి ఉపసంహరించుకున్నారు. గాలియం ఆర్సెనైడ్ చిప్‌లకు ఆర్సెనిక్ కావాలి నిజమే, కానీ వాటికి కావలసింది అత్యంత శుద్ధమైన పదార్థం, అదీ తక్కువ పరిమాణంలో. ఒకరి అల్మారాలోని రాయికి ఆ మార్కెట్‌తో సంబంధం లేదు. నిజానికి గని వ్యాపారంలో ఆర్సెనిక్ విలువ రుణ (మైనస్) చిహ్నంతో మొదలవుతుంది. రాగి సాంద్రీకృత ముడిఖనిజంలో ఆర్సెనిక్ 0.5 శాతం మించితే చైనా దిగుమతికి ఒప్పుకోదు. అంతకన్నా తక్కువ ఉన్నా కరిగించేవారు అపరాధ రుసుము కోస్తారు.

కెనడాలోని ఎల్లోనైఫ్ పట్టణం పక్కనున్న జయంట్ గని ఈ రుణ చిహ్నానికి తిరుగులేని ఉదాహరణ. అక్కడ బంగారం ఆర్సెనోపైరైట్‌లో బంధించి ఉండేది. 1948లో మొదలైన ఆ గనిలో దశాబ్దాల పాటు ఆ ముడిఖనిజాన్ని కాల్చి బంగారం తీశారు. కాల్చినప్పుడు పుట్టిన ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ ధూళి 2,37,000 టన్నులు ఇప్పటికీ భూగర్భ గదుల్లో నిల్వ ఉంది. అది నీళ్లలోకి కరిగిపోకుండా ఆ గదుల చుట్టూ నేలను గడ్డకట్టించి ఉంచే పనికి ప్రభుత్వం పూనుకోవలసి వచ్చింది. బంగారం అమ్ముడుపోయింది, కంపెనీలు పోయాయి, పాషాణం మాత్రం ప్రజల ఖాతాలో మిగిలింది. ఖనిజానికి వెలకట్టేటప్పుడు దాని వెంట వచ్చే దాన్ని ఏం చేస్తామన్న ఖర్చు కలపకపోతే ఆ వెల అబద్ధమే.

అయినా బంగారం మాట వచ్చింది కాబట్టి దాన్ని నిదానంగా చూడాలి, ఎందుకంటే లోలింగైట్‌కు శాస్త్రవేత్తలు నిజంగా విలువ ఇచ్చేది ఇక్కడే. భూగర్భంలో ఎక్కువ వేడికి గురైన బంగారు గనుల్లో లోలింగైట్ తన స్ఫటిక జాలకంలో కంటికి, మామూలు సూక్ష్మదర్శినికి కూడా కనిపించని బంగారాన్ని దాచుకుంటుంది. శిల చల్లబడే క్రమంలో గంధకం చేరి లోలింగైట్ అంచుల నుంచి ఆర్సెనోపైరైట్‌గా మారుతుంది. ఆర్సెనోపైరైట్ అంత బంగారాన్ని మోయలేదు గనుక అది చిన్న చిన్న రేణువులుగా బయటపడి, ఆ రెండు ఖనిజాల సరిహద్దు వెంట పేరుకుంటుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని యిల్గార్న్ గనుల్లోనూ, దక్షిణ ఆస్ట్రేలియాలోని చాలెంజర్ నిక్షేపంలోనూ పరిశోధకులు ఈ ప్రక్రియను చూపించారు. అందువల్ల నునుపు చేసిన రాతి ముఖం మీద లోలింగైట్ గుండె, దాని చుట్టూ ఆర్సెనోపైరైట్ అంచు కనిపిస్తే, ఆ సరిహద్దు గీతను సూక్ష్మదర్శిని కింద వెతకడం ఊరికే పోదు. మనకు దగ్గరగా చూస్తే, రాయచూరు జిల్లాలోని హట్టి గనిలో బంగారానికి తోడుగా ఆర్సెనోపైరైట్ ఉండటం భూవిజ్ఞానులకు బాగా తెలిసిన విషయం.

కానీ ఈ జ్ఞానాన్ని ఒక రాయి ధరగా మార్చబోతే లెక్క చిన్నదైపోతుంది. టన్నుకు 20 గ్రాముల బంగారం అంటే గని భాషలో ఘనమైన ముడిఖనిజం. అదే ఒక కిలో రాయిలో 20 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో యాభయ్యో వంతు. టన్నుకు 100 గ్రాములే అనుకున్నా కిలోకు గ్రాములో పదో వంతు దాటదు. దాన్ని తేల్చడానికి ప్రయోగశాలలో చేసే నిప్పు పరీక్షలో ఆర్సెనిక్ ఎక్కువగా ఉంటే ముందుగా ప్రత్యేకంగా సిద్ధం చేయాలి, లేకపోతే ఫలితం తప్పుతుంది; ఆ పరీక్షకయ్యే ఖర్చును రాయిలోని బంగారం తీర్చడం అరుదు. ఒక్క రాయి ఫలితం కొండంతటికీ వర్తించదు కూడా, ఎందుకంటే చేతికి అందిన రాయి ఎప్పుడూ మెరిసినందువల్ల ఏరినదే అయి ఉంటుంది. బంగారాన్ని ఇలాంటి ఖనిజం నుంచి విడదీయడం బంగారాన్ని కరిగించే మామూలు సయనైడ్‌కు లొంగే పని కాదు. 1986లో దక్షిణాఫ్రికాలోని ఫెయిర్‌వ్యూ గనిలో బాక్టీరియాతో ఈ ఖనిజాలను తినిపించే విధానం మొదలైంది. అధిక ఒత్తిడిలో ఆక్సీకరించే పద్ధతి మరొకటి. ఇలాంటి విధానాల్లో ఆర్సెనిక్‌ను పొగగా వదలకుండా ఇనుముతో కలిపి స్థిరమైన గడ్డగా బంధించవచ్చు. అందులో అన్నిటికన్నా నిలకడైనదిగా పేరున్నది స్కోరొడైట్, అంటే మొదట్లో చెప్పిన రాయి పగుళ్లలో కనిపించిన ఆ ఆకుపచ్చ పొరే.

చట్టం సంగతి క్లుప్తంగా: దారిలో దొరికిన ఒక నమూనా వేరు, నేల తవ్వి ఖనిజం తీయడం వేరు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం తగిన అనుమతి, లీజు లేకుండా తవ్వడం నేరం.

మిగిలింది సేకరణదారుల బజారు. లోలింగైట్‌కు గౌరవప్రదమైన ధర పలికే చోటు అదొక్కటే. అక్కడ బరువుకు విలువ లేదు. గడ్డకట్టిన కిలో ముద్దకన్నా, అంచులు చెక్కుచెదరని సెంటీమీటరు స్ఫటికం ఎక్కువ పలుకుతుంది. నక్షత్రంలా మూడు స్ఫటికాలు ఒకదాన్నొకటి కోసుకుపోయిన జంటకట్టు, తెల్ల క్వార్ట్జ్ మీద నిలబడిన వెండి రంగు సూదులు, మెరుపు చెడని ముఖాలు కొనేవారిని ఆకర్షిస్తాయి. చైనాలోని ఇన్నర్ మంగోలియాకు చెందిన హువాంగ్‌గాంగ్ గని నుంచి ఇలాంటి చక్కటి స్ఫటికాలు మార్కెట్‌కు వచ్చాయి. అమెరికాలోని న్యూజెర్సీలో ఫ్రాంక్లిన్, స్టెర్లింగ్ హిల్ గనుల నమూనాలకు అందం కన్నా చిరునామా వల్లే గిరాకీ, ఎందుకంటే ఆ రెండు చోట్ల ఖనిజాలను వరసగా సేకరించేవారు ప్రత్యేకంగా ఉన్నారు. లోలింగ్ ఊరి నుంచే వచ్చిన ముక్కకు, అది మామూలు ముద్దే అయినా, పేరు పుట్టిన చోటు కనుక ఆదరణ ఉంటుంది. ఆ చిరునామా చెప్పే పాత చీటీ పోతే ఆ రాయి విలువలో పెద్ద భాగం దానితోపాటే పోతుంది. మెరుపు పెంచుదామని ఆమ్లంలో ముంచితే స్ఫటిక ముఖాలు గుంటలు పడి మిగతా భాగమూ పోతుంది.

ఈ బజారులో ఆర్సెనోపైరైట్‌ను లోలింగైట్‌గా అమ్మడం, దీన్ని దానిగా అమ్మడం రెండూ జరుగుతుంటాయి. చాలాసార్లు మోసం ఉద్దేశంతో కాదు, కంటికి తేడా తెలియకపోవడం వల్ల. అందుకని కొనేవారు ఎక్స్‌రే డిఫ్రాక్షన్ నివేదిక గానీ, కనీసం ఆర్సెనిక్‌కూ ఇనుముకూ నిష్పత్తి చూపే విశ్లేషణ గానీ అడగడం న్యాయం. అమ్మేవారు వాటిని చూపగలిగితే ధర పెంచి అడగడమూ న్యాయమే. నమూనాను మూత ఉన్న చిన్న పెట్టెలో, తేమ తగలకుండా పెట్టి, దొరికిన చోటు, తేదీ, పొడి బరువు, సాంద్రత అంకె, విశ్లేషణ చేసిన పద్ధతి చీటీ మీద రాయాలి. ఆ చీటీ మీదే, ఖనిజం పేరు కింద, ‘ఆర్సెనిక్ ఉంది, పట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి’ అన్న మాట కూడా ఎర్ర సిరాతో ఉండాలి.